ఎవరి పేరు ఎవరు పెట్టాలి?

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని మనకో సామెత ఉంది. ఆ సామెత మీద నమ్మకం ఉన్నవాళ్ళు తరచుగా ఒక మాట అంటుంటారు: పేరుదేముందండీ, కావలసింది బతుకు అని. ఈ సంవత్సరం మన చర్చావేదికలో "ఆఫ్రికా సంతతి ప్రజలను ఏమని పిలవాలి?" అన్న విషయం మీద మాట్లాడినప్పుడు సభలో సగానికి పైగా ఇదే మాట అన్నారు. "నీగ్రో అంటేనేం, నల్లజాతి అంటేనేం, ఆఫ్రికన్ అమెరికన్ అంటేనేం? ముందు వాళ్ళకి ఉద్యోగాలూ ఇళ్ళూ ఇమ్మనండి" అని ఒక మిత్రుడు బల్ల గుద్ది మరీ చెప్పాడు. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. ఇంతలో గంట కొట్టేశారు. నాకు జవాబు చెప్పే వ్యవధి లేకపోయింది. సంచిక సంపాదకులు నాలుగు పేజీలు కేటాయించారు గనుక ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మన లైబ్రరీలో అట్ట ఊడిపోయేంతగా చేతులు మారిన పుస్తకాల్లో 'ఏడుతరాలు' ఒకటి. అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన 'రూట్స్'కి సహవాసి గారి తెలుగు సేత అది. అందులో కుంటా కింటేని పట్టి తెచ్చి అమ్మిన తరవాత కొన్నవాడు చేసిన మొదటి పనుల్లో ఒకటి ఏమిటి? పేరు మార్చడం. కుంటా కింటే కాస్తా టోబీ అయ్యాడు. ఇది నవల గదా, కల్పన గదా అనుకోవద్దు. అమెరికా ప్రభుత్వం 1850లోనూ, 1860లోనూ జనాభా లెక్కలు తీసినప్పుడు బానిసలకు విడిగా ఒక పట్టిక పెట్టింది. అందులో యజమాని పేరుంది. ఆ కింద బానిస వయసు, ఆడో మగో, నలుపో మిశ్రమమో రాశారు. బానిస పేరు మాత్రం, ఏ కొద్ది చోట్లో తప్ప, లేదు. పేరు అనవసరమైతే, అది పీకెయ్యడానికి అంత పెద్ద ప్రభుత్వం ఎందుకు శ్రమపడింది? పేరుదేముంది అనే మిత్రులు ముందు దీనికి సమాధానం చెప్పాలి.

సరే, పేరు పోయింది. తిరిగి ఏ పేరు పెట్టుకోవాలి? రెండు వందల ఏళ్ళుగా అక్కడివాళ్ళు దీన్ని గురించి వాదించుకుంటూనే ఉన్నారు. 1787లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్, అబ్సలోమ్ జోన్స్ అనే ఇద్దరు పెట్టిన సంఘం పేరు 'ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ'. స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళు తమని తాము ఆఫ్రికన్లమని నిండు నోటితో చెప్పుకున్న కాలం అది. కాని 1816లో తెల్లవాళ్ళు కొందరు 'అమెరికన్ కాలనైజేషన్ సొసైటీ' అని ఒకటి స్థాపించారు. స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళని ఓడలెక్కించి ఆఫ్రికాకు పంపెయ్యాలన్నది దాని ఉద్దేశం. మీరు ఆఫ్రికన్లే గదా, మరి ఆఫ్రికాకే పొండి అన్నారన్నమాట. దాంతో నిన్నటి గౌరవం ఇవాళ గండమై కూచుంది. 1830ల నాటికి చాలామంది ఆ మాట వదిలేసి 'కలర్డ్' అనే మాటకి మళ్ళారు. 1909లో పుట్టిన ఎన్.ఏ.ఏ.సి.పి. పేరు చివర ఉన్న 'సి.పి.' ఆ 'కలర్డ్ పీపుల్'దే. సంఘం నేటికీ ఆ పేరుతోనే ఉంది.

తరవాత 'నీగ్రో' వచ్చింది. మార్కస్ గార్వే 1914లో పెట్టిన సంఘానికి ఆ పేరే పెట్టుకున్నాడు. ఇంగ్లీషులో ఆ మాటని చిన్న 'ఎన్'తో కాదు, పెద్ద 'ఎన్'తో రాయాలని పెద్ద ఉద్యమం నడిచింది. 1930లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒప్పుకుంది. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అనే పేచీ లేదు గనుక ఇది మనకి వింతగానే తోస్తుంది. కాని జర్మన్‌కీ, ఐరిష్‌కీ పెద్దక్షరం ఇచ్చి వీళ్ళకి మాత్రం ఇవ్వకపోవడమంటే అర్థం ఏమిటి? వాళ్ళు ఒక జాతి, వీళ్ళు ఒక సరుకు అని. సరిగ్గా తొంభై ఏళ్ళకి, 2020లో, 'బ్లాక్' అనే మాటలోని 'బి' విషయంలోనూ ఇదే తగవు తీరింది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థా, న్యూయార్క్ టైమ్స్ పత్రికా రెండూ అప్పుడు పెద్ద 'బి'కి మారాయి.

ఇక్కడ మా మిత్రుడి వాదాన్ని ఆయనకంటె ఎంతో బాగా, ఎంతో ముందుగా చెప్పిన మహానుభావుణ్ణి తలుచుకోవాలి. ఆయన డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్. 'ది క్రైసిస్' పత్రిక సంపాదకుడు. 1928లో ఒక హైస్కూలు కుర్రవాడు ఆయనకి ఉత్తరం రాశాడు: మీరు కూడా మమ్మల్ని నీగ్రోలంటారేమిటి అని. డుబోయిస్ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: పేర్లు గుర్తులు మాత్రమే, పేరు మార్చినంత మాత్రాన ద్వేషం పోదు, మనిషి అసలు సంగతి మారకుండా పేరు మారితే ఒరిగేదేమీ లేదు. గట్టి జవాబే. కాదనలేం. అయితే ఒక తమాషా ఉంది. ఆ పెద్దక్షరం కోసం పట్టుబట్టిన వాళ్ళలో ఈ డుబోయిసే ముందున్నాడు. 1899లో వచ్చిన తన ఫిలడెల్ఫియా గ్రంథంలోనే ఎనభై లక్షల మందికి ఒక పెద్దక్షరం పొందే అర్హత ఉందని రాసుకున్నాడు. అంటే పేరుతో పని అయిపోదని ఆయనకి తెలుసు. పేరు లేకుండా పని మొదలవదనీ తెలుసు. ఈ రెంటికీ వైరుధ్యం లేదు.

ఆ హైస్కూలు కుర్రవాడి ప్రశ్న అంతటితో ఆగలేదు. 1960లో రిచర్డ్ బి. మూర్ 'నీగ్రో' అనే మాట మీద ఏకంగా ఒక పుస్తకమే రాసి, అది బానిస వ్యాపారులు అంటగట్టిన పేరని వాదించాడు. తాతముత్తాతల అసలు ఇంటిపేరు ఏదో తెలియదు గనుక మాల్కం అనే యువకుడు తన పేరు చివర 'ఎక్స్' పెట్టుకున్నాడు. 1966 జూన్‌లో మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్‌లో స్టోక్లీ కార్మైకేల్ 'బ్లాక్ పవర్' నినాదం ఇచ్చాడు. అప్పటిదాకా 'బ్లాక్' అనేది తిట్టు. సొంత ఇళ్ళలో కూడా తిట్టే. పదేళ్ళు తిరక్కుండానే అది లక్షలాది మంది ఛాతీ విరిచి చెప్పుకునే పేరయింది. 1988 డిసెంబరులో జెస్సీ జాక్సన్ తదితరులు 'ఆఫ్రికన్ అమెరికన్' అనాలన్నారు. ఇటలీ నుంచి వచ్చినవాడికి ఇటలీ ఉంది, పోలండ్ నుంచి వచ్చినవాడికి పోలండ్ ఉంది, మాకు మాత్రం రంగేనా, నేల లేదా అన్నది వాళ్ళ ప్రశ్న.

దాంతో గొడవ తీరిందా? తీరలేదు. 1965లో వలస చట్టం మారాక జమైకా, హైతీ, నైజీరియా, ఘనా, ఇథియోపియాల నుంచి లక్షలాది మంది అమెరికా వెళ్ళారు. ఇవాళ అక్కడి నల్లవాళ్ళలో దాదాపు పదిమందికి ఒకరు బయటి దేశంలో పుట్టినవారు. నిన్న లాగోస్ నుంచి విమానం దిగిన ఇంజనీరూ, ఏడు తరాల క్రితం గొలుసులతో దిగినవాడి మునిమనవడూ ఒకే పేరు కింద ఉండవచ్చునా? మేం ఆఫ్రికాను చూడనైనా చూడలేదు, మేం 'బ్లాక్' మాత్రమే అనేవాళ్ళున్నారు. బానిసల వారసులమైన మా లెక్క వేరు, దాన్ని విడిగా రాయండి అనేవాళ్ళున్నారు. ఈ తగువులాటంతా పనిలేని మాట అనుకునేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. 2023 దాకా కాలేజీ సీట్లూ ఈ మాట చుట్టూనే తిరిగాయి; నష్టపరిహారం డిమాండూ, ఓట్ల లెక్కా ఇప్పటికీ తిరుగుతున్నాయి. మా మిత్రుడడిగిన ఉద్యోగాలూ ఇళ్ళూ కూడా ఇక్కడే ఉన్నాయి!

అసలు చిక్కు రిజిస్టరు దగ్గర ఉంది. ఆ రిజిస్టరు ఎవరి చేతిలో ఉంది? 1930 సెన్సస్‌లో ఇంటింటికీ తిరిగే గుమాస్తాకు ఇచ్చిన ఉత్తర్వు ఏమిటంటే, నీగ్రో రక్తం ఎంత కొంచెమున్నా సరే, నీగ్రో అనే రాయాలి. ఇంటాయన్ని అడగక్కర్లేదు. హోమర్ ప్లెసీ అనే ఆయనలో ఎనిమిదో వంతు మాత్రమే నల్లరక్తం. 1892లో లూసియానాలో తెల్లవాళ్ళ రైలుపెట్టె ఎక్కినందుకు ఆయన్ని అరెస్టు చేశారు. 1896లో సుప్రీంకోర్టు కూడా ఆయనకు వ్యతిరేకంగానే తీర్పు చెప్పింది. అదే లూసియానాలో 1970లో ముప్పైరెండో వంతు అని ఒక కొలత పెట్టారు. 1983లో గాని దాన్ని రద్దు చెయ్యలేదు. పాలలో నీళ్ళు కొలిచే లాక్టోమీటరు చూశాం గాని, మనిషిలో రక్తం కొలిచే చట్టం ఎక్కడైనా విన్నామా? 1960 నుంచి జనం తమ కాలమ్ తామే నింపుకోవడం మొదలైంది. 2000 నుంచి ఒకటి కంటె ఎక్కువ గడుల్లో గుర్తు పెట్టవచ్చు. 2010లో ప్రెసిడెంటు ఒబామా, తల్లి తెల్ల స్త్రీ అయినా, ఒక్క నల్ల గడిలోనే గుర్తు పెట్టారు. టైగర్ వుడ్స్ మాత్రం 1997లో తన నాలుగు మూలాలనీ కలిపి తనకో కొత్త మాటే కూర్చుకున్నాడు. ఎవరు సరి? నా ఉద్దేశంలో ఇద్దరూ సరే. రాసినచెయ్యి వాళ్ళది గనుక.

ఇక దక్షిణాఫ్రికా కథ విద్యార్థులమైన మనకి మరీ దగ్గరిది. అక్కడ 1950 నాటి జనాభా రిజిస్ట్రేషన్ చట్టం ప్రతి మనిషినీ ఒక జాతి కింద నమోదు చేసింది. అనుమానం వస్తే జుట్టులో పెన్సిలు దూర్చి చూసేవారు. పెన్సిలు జారిపడితే ఒక జాతి, నిలిస్తే మరో జాతి! ఒకే కడుపున పుట్టిన పిల్లలు వేరువేరు జాతులుగా నమోదై, వేరువేరు పేటల్లో బతకవలసి వచ్చిన సందర్భాలున్నాయి. తెల్లవాళ్ళు కాని వాళ్ళందరినీ కలిపి 'నాన్‌వైట్' అనేవారు. అంటే తెల్లవాడు కానివాడు. నువ్వెవరు అంటే నువ్వు ఏది కాదో చెప్పే పేరన్నమాట.

ఈ మాటని బద్దలు కొట్టింది ప్రొఫెసర్లు కాదు, పార్టీ నాయకులు కాదు. ఒక స్టూడెంట్స్ ఆర్గనైజేషన్. దాని పేరు సాసో. 1969లో దాని మొదటి అధ్యక్షుడైన స్టీవ్ బికో అప్పటికి ఇరవై రెండేళ్ళ మెడికల్ విద్యార్థి. వాళ్ళు 'నాన్‌వైట్' అనే మాటను తోసిపుచ్చి 'బ్లాక్' అన్నారు. అయితే చర్మం రంగు చూసి కాదు. చట్టం చేత అణగదొక్కబడుతూ, ఆ అణచివేత మీద కలిసి పోరాడే వాళ్ళంతా బ్లాక్ అన్నారు. ఆఫ్రికన్లు, మిశ్రమజాతి వారు, భారతీయులు అందరూ అందులో చేరారు. నేటాల్‌లో ఆ భారతీయులెవరు? 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళ సంతానం. వాళ్ళలో మన తెలుగువాళ్ళు వేలమంది. అక్కడి తెల్లదొర వాళ్ళకిచ్చిన పేరు 'కూలీ'. ఆ పేరు మోసినవాళ్ళ మనవలు కొందరు బికోతో చెయ్యి కలిపి మేమూ బ్లాకే అన్నారు. అందరూ అనలేదు, ఆ మాట కూడా చెప్పాలి. మాకెందుకీ పేరు అని పక్కకి తప్పుకున్న భారతీయులు చాలామంది ఉన్నారు. అన్నవాళ్ళు మాత్రం ధర చెల్లించారు. 1976లో తొమ్మిదిమందికి శిక్ష వేసి రాబెన్ దీవికి పంపితే అందులో ఆఫ్రికన్లతో పాటు భారతీయ సంతతి వారూ ఉన్నారు. బికో 1977 సెప్టెంబరు 12న పోలీసు నిర్బంధంలో దెబ్బలకు చనిపోయాడు. 1950 నాటి ఆ చట్టం 1991లో రద్దయింది. 1998లో కొత్త ప్రభుత్వం ఉద్యోగాల్లో సమానత్వ చట్టం తెచ్చినప్పుడు 'బ్లాక్' అంటే ఆఫ్రికన్లు, మిశ్రమజాతి వారు, భారతీయులు అని నిర్వచించింది. విద్యార్థులు తమకు తాము పెట్టుకున్న అర్థం చట్టంలోకి ఎక్కిందన్నమాట.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి ఎవరికి వారు ఏ పేరు పడితే ఆ పేరు పెట్టుకోవచ్చా? ఈ ప్రశ్న బ్రెజిల్‌లో తలెత్తింది. బానిసత్వాన్ని 1888 దాకా రద్దు చెయ్యని దేశం అది. 1976లో అక్కడ ఒక సర్వేలో మీ రంగేమిటని అడిగితే జనం 130కి పైగా పేర్లు చెప్పారు. గోధుమ, దాల్చినచెక్క, కాఫీ ఇలా. చాలామందికి నల్ల అనే మాట తప్ప మిగతావన్నీ నోటికి వచ్చాయి. దశాబ్దాలుగా నల్లజాతి ఉద్యమం పని చేసింది. 2022 సెన్సస్‌లో నూటికి 45 మంది మిశ్రమ వర్ణం వారమనీ, 10 మంది నల్లవారమనీ రాసుకున్నారు. తెల్లవారమన్న వాళ్ళు 43 మందికి కొంచెం పైన. మంచిదే. కాని విశ్వవిద్యాలయాల్లో రిజర్వేషన్లు వచ్చేసరికి, ఇదివరకు తెల్లవాడుగా చెలామణీ అయినవాడు సీటు కోసం నల్లగడిలో గుర్తు పెట్టడం మొదలెట్టాడు. అందుకని మొహం చూసి నిర్ణయించే కమిటీలు వచ్చాయి. 2007లో బ్రెజీలియా విశ్వవిద్యాలయంలో ఒకే పోలిక గల కవలలు ఇద్దరు అప్లై చేస్తే, ఫోటోలు చూసి ఒకడు నల్లవాడన్నారు, ఇంకొకడు కాదన్నారు! తరవాత దిద్దుకున్నారనుకోండి. పాత పెన్సిలు గుర్తుకు రావడం లేదూ?

అమెరికాలో 2015లో ఇంకో చోద్యం జరిగింది. ఎన్.ఏ.ఏ.సి.పి. శాఖ ఒకదానికి అధ్యక్షురాలుగా ఉన్న ఒకావిడ తాను నల్లజాతి స్త్రీనని చెప్పుకుంటూ వచ్చింది. ఆమె తెల్లజాతిదేనని కన్న తల్లిదండ్రులే బయటపెట్టారు. పదవి వదులుకోవలసి వచ్చింది. నా గుర్తింపు నా ఇష్టం అన్నది ఆవిడ వాదం.

ఈ చిక్కులన్నీ చూశాక నాకు తోచిన నియమం ఒక్కటే. పేరు పెట్టుకునే హక్కు ఆ పేరు మోసేవాడిది. పోలీసు నడిరోడ్డు మీద ఆపినప్పుడు, ఇల్లు అద్దెకివ్వనప్పుడు, రైలుపెట్టెలోంచి దింపేసినప్పుడు ఎవరు ఆ పేరు కింద నలిగారో, ఆ పేరుని తిప్పి రాసుకునే అధికారం వాళ్ళది. నేటాల్ తెలుగు కూలీ మనవడు మోశాడు, అందుకే వాడికి 'బ్లాక్' అనే హక్కు వచ్చింది. నచ్చినప్పుడు తొడుక్కుని నచ్చనప్పుడు విడిచేసే వాళ్ళకి ఆ హక్కు రాదు. ఇక సీట్లూ పరిహారాలూ అంటారా, అక్కడ ఏ గాయానికి మందు వేస్తున్నామో ముందు తేల్చుకోవాలి. బానిసత్వపు అప్పు తీర్చడమైతే వారసత్వం చూడాలి. ఇవాళ్టి వీధిలో జరిగే అన్యాయానికి విరుగుడైతే నిన్న విమానం దిగినవాణ్ణి కూడా చేర్చాలి. ఒక్క మాటతో రెండు పనులూ చేయించబోతే కవలల కథే అవుతుంది. బ్రెజిల్ కమిటీలు లేకపోతే దొంగలు దూరతారు, ఉంటే మొహాల బేరం. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. కాని ఆ కమిటీలో కూచునేవాళ్ళు ఆ పేరు మోసినవాళ్ళే కావాలన్నంత వరకు నాకు సందేహం లేదు.

"ఎద్దు పుండు కాకికి నొప్పా?" అంటారు. ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకని అడగొచ్చు. దూరం పోనక్కర్లేదు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ బస్సెక్కే వాళ్ళలో ఏ.సి. అంటే ఎయిర్ కండిషన్ అనుకునేవాళ్ళే ఎక్కువ. అది 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్', నిజాం గారి ఆఫ్రికన్ అశ్వదళం. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఆ పేటలో ఉన్నారు. హబ్సిగూడ పేరు కూడా హబ్షీల వల్లనే వచ్చిందని నగరంలో చెప్పుకుంటారు. హబ్షీ అంటే అబిసీనియా వాడు, అనగా ఇథియోపియా వాడు. మా హాస్టల్లో ఉండే ఇథియోపియా పరిశోధక విద్యార్థి ఒకాయన బస్సు బోర్డు చదివించుకుని తెగ సంబరపడ్డాడు. వాళ్ళ దేశంలో తమని తాము గర్వంగా పిలుచుకునే మాట 'హబెషా' అట. అదే మాట మన క్యాంటీన్ దగ్గర నైజీరియా కుర్రవాణ్ణి ఉద్దేశించి వెనకనుంచి విసిరితే రాయిలా తగులుతుంది. మాట ఒక్కటే, నోళ్ళు వేరు. మెస్‌లో వడ్డించే పెద్దాయన "నల్ల సార్‌కి ఇంకో చపాతీ" అని ప్రేమగానే కేకేస్తాడు. ప్రేమ ఉంది, కాదనను. కాని ఆ సార్‌కి ఒక పేరుందని మూడేళ్ళలో ఎవరూ ఆయనకి చెప్పలేదు.

ఈ చర్చ మనకి కొత్తా? 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ గారి అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ, ఆ 'పంచమ' అనే మాటను పక్కన పెట్టి ఆది ఆంధ్ర మహాసభ అయింది. ఐదోవాడు అని పైనుంచి ఎవరో వేసిన అంకెను కాదని, ఈ నేలకు మొదటివాళ్ళం మేమేనన్నారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్న యువకులు ఆ 'పాంథర్స్'ని అమెరికాలోని బ్లాక్ పాంథర్ల నుంచే తీసుకున్నారు. ఆ ఎద్దు పుండు నొప్పి తెలిసినవాళ్ళు మన దేశంలో కోట్లలో ఉన్నారన్నమాట.

కనుక సోదర విద్యార్థులకూ, అధ్యాపకులకూ, సెలవుల్లో ఈ సంచిక తిరగేసే పూర్వ విద్యార్థులకూ నా విజ్ఞప్తి ఇది. బ్లాకా, ఆఫ్రికన్ అమెరికనా అన్న తగువు వాళ్ళది. వాళ్ళే తేల్చుకుంటారు, తేల్చుకోకపోయినా వాళ్ళ ఇష్టం. మనం తీర్పరులం కాదు. మనం చెయ్యవలసింది మన ఇంట్లో ఉంది. వక్తృత్వ పోటీల్లోనూ నోట్సుల్లోనూ ఇంకా దొర్లుతున్న 'నీగ్రో' అనే మాటని చరిత్ర సంఘాల పేర్లలో తప్ప వదిలెయ్యాలి. అమెరికా ప్రభుత్వమే 2016లో తన చట్టాల్లోంచి దాన్ని తీసేసింది. వార్షికోత్సవం ఫ్యాన్సీ డ్రెస్‌లో మొహానికి మసి పూసుకుని గంతులేసే అంశం ఇక చాలించాలి. హాస్టల్ రిజిస్టరులో 'ఆఫ్రికా' అని ఒక్క మాట రాసి ఊరుకోకూడదు. అక్కడ యాభై నాలుగు దేశాలున్నాయి. ఏ దేశమో, ఏ పేరో, ఆ పేరు ఎలా పలకాలో అడిగి, ఆ కాలమ్‌ని ఆ విద్యార్థి చేతనే నింపించాలి. పెన్ను ఇవ్వడం వరకే మన పని.